సిగ్గుపడితే జబ్బు పోదు

(తుమ్మలపల్లెలో చదువు నేర్చుకున్న అక్కచెల్లెళ్ల ముందు ఒక నర్సమ్మ చేసిన ప్రసంగం)



పొద్దంతా చేన్లో పని చేసినారు. ఇంటికొచ్చి సంగటి కెలికినారు. పిల్లలకు పెట్టినారు. మళ్లీ పుస్తకం పట్టుకొని ఇక్కడికొచ్చి కూర్చున్నారు. మిమ్మల్ని చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది.

మీ తుమ్మలపల్లె పేరు ఇప్పుడు దూరదేశాల వాళ్లకు కూడా తెలుసు. ఇక్కడి భూమిలో యురేనియం ఉందని కనుక్కున్నారు. గని తవ్వినారు. భూమి లోపల ఏముందో తెలిసింది. మన ఒంటి లోపల ఏముందో మాత్రం మనకు తెలీదు. తెలిసినా నోరు విప్పి చెప్పుకోము.

అట్లా మనం చెప్పుకోని ఒక జబ్బు గురించి ఈ రోజు మాట్లాడతాను. దాని పేరు మొలలు. మూలశంక అని కూడా అంటారు. మందుల షాపులో పైల్స్ అంటారు.

పేరు వినగానే కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు వస్తే నవ్వండమ్మా. నవ్వినాక మాత్రం వినండి. నేను చాలా ఏండ్లు సర్జరీ వార్డులో నర్సుగా పని చేసినాను. ఈ జబ్బును దాచుకొని ఏడ్చిన ఆడవాళ్లను ఎంతోమందిని చూసినాను. అందుకే చెబుతున్నాను.

ఒక అక్క కథ

చాలా ఏండ్ల కిందటి మాట. మా వార్డుకు ఒక అక్క వచ్చింది. నలభై ఏండ్లు కూడా లేవు. చెనిక్కాయ చేన్లో కలుపు తీస్తూ కండ్లు తిరిగి పడిపోయిందంట. ముఖం సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లగా ఉంది. రక్తం పరీక్ష చేసినారు. హిమోగ్లోబిన్ 5 ఉంది. ఆడవాళ్లకు 12 ఉండాలి. ఆ అక్కకు సగం కూడా లేదు.

డాక్టరమ్మ అడిగింది.

"నెలసరిలో రక్తం ఎక్కువగా పోతాందా?"

"లేదమ్మా."

"మరి ఇంత రక్తం యాడికి పోయింది?"

ఆ అక్క తల దించుకునింది. పక్కనే భర్త ఉన్నాడు. నేను ఆయనను బయట కూర్చోమన్నాను. అప్పుడు ఆ అక్క నా చెయ్యి పట్టుకొని మెల్లగా చెప్పింది.

"దొడ్డికి పోయినప్పుడల్లా రక్తం పడతాందక్కా. మూడేండ్లయింది."

"ఎవరికీ చెప్పలేదా?"

"మా అత్తకు చెప్పినా. వేడి చేసింటాది, మజ్జిగ తాగు అనింది. ఇంక ఎవరికని చెప్పేది? ఏమని చెప్పేది?"

ఆ అక్కకు ముందు రక్తం ఎక్కించినారు. పేగులో వేరే జబ్బు లేదని పరీక్ష చేసి చూసినారు. ఉన్నది మొలలే. అవి కూడా పెద్దవి కావు. కోత లేకుండా, మత్తు ఇవ్వకుండా చికిత్స చేసినారు. ఆ చికిత్సకు పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల పనికి ఆమె మూడేండ్లు నరకం చూసింది.

నేను చెప్పాలనుకున్న మాట ఇదే. చిన్నగా ఉన్నప్పుడు చెబితే చిన్న చికిత్సతో పోతుంది. దాచుకుంటే పెద్దదవుతుంది.

మొలలు అంటే ఏమి?

మొలలు బయటి నుంచి వచ్చిన పురుగో, శాపమో కాదు. మలద్వారం లోపల ప్రతి మనిషికీ మెత్తని దిండ్లు మాదిరి మూడు ఉబ్బులు ఉంటాయి. వాటి నిండా సన్నని రక్తనాళాలు ఉంటాయి. కుక్కరు మూతకు రబ్బరు ఉంటుంది కదా. ఆ రబ్బరు ఆవిరిని బయటికి పోనీయదు. ఈ దిండ్లు కూడా అట్లాగే పని చేస్తాయి. గాలి, నీళ్లు మనకు తెలీకుండా బయటికి రాకుండా ఆపుతాయి.

మనం రోజూ గట్టిగా ముక్కితే ఈ దిండ్ల మీద ఒత్తిడి పడుతుంది. రక్తం నిలిచి అవి ఉబ్బుతాయి. పట్టు వదిలి కిందికి జారుతాయి. అవే మొలలు.

లోపలి మొలలకు నొప్పి తెలీదు. అక్కడి పొరకు నొప్పి తెలిసే నరాలు లేవు. అందుకే రక్తం పడుతున్నా చాలామంది "నొప్పి లేదు కదా" అని ఊరుకుంటారు. బయట, చర్మం కింద వచ్చే మొలలు వేరు. వాటిలో రక్తం గడ్డ కడితే కూర్చోలేనంత నొప్పి వస్తుంది.

ఎందుకు వస్తాయి?

మొదటి కారణం మలబద్ధకం. దొడ్డికి గట్టిగా వస్తుంది. ముక్కాల్సి వస్తుంది.

మలబద్ధకం ఎందుకు వస్తుంది? మన తిండి చూడండి. మన అవ్వలు ఏమి తినేవాళ్లు? కొర్రన్నం, జొన్నరొట్టె, సద్దరొట్టె, రాగి సంగటి. వాటిలో పీచు ఉంటుంది. పీచు నీళ్లను పట్టుకొని మలాన్ని మెత్తగా ఉంచుతుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది. అది మంచిదే. కానీ మెల్లమెల్లగా కొర్రలు, సద్దలు ఇంట్లో నుంచి పోయినాయి. మూడు పూటలా తెల్లన్నమే అయింది. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడు ఉండదు. తవుడు పోతే దాంతోపాటు పీచు కూడా పోతుంది.

రెండో కారణం నీళ్లు. మనది ఎండల సీమ. చేన్లో చెమట కారుతుంది. అయినా ఆడవాళ్లు నీళ్లు తాగరు. ఎందుకు తాగరో నాకు తెలుసు, మీకూ తెలుసు. తాగితే మధ్యలో ఒంటికి పోవాల్సి వస్తుంది. చేన్లో చాటు యాడ ఉంటుంది?

మూడో కారణం ఆపుకోవడం. ఇంట్లో మరుగుదొడ్డి లేనప్పుడు మన అమ్మలు చీకటి పడేదాకా ఆపుకునేవాళ్లు. ఇప్పుడు చాలా ఇండ్లలో మరుగుదొడ్డి ఉంది. కొన్ని ఇండ్లలో దాంట్లో కట్టెలు, సంచులు పెట్టి తాళం వేసినారు. కట్టెలకు వేరే చోటు చూడండమ్మా. దొడ్డికి వచ్చినప్పుడు ఆపుకుంటే పేగు ఆ మలంలోని నీళ్లను పీల్చేస్తుంది. మలం గట్టిపడుతుంది.

నాలుగో కారణం గర్భం. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ కింది రక్తనాళాల మీద బరువు పడుతుంది. కానుపులో ముక్కినప్పుడు మొలలు బయటికి వస్తాయి. ఆ సమయంలో మింగే ఐరన్ మాత్రలు కూడా కొందరికి మలబద్ధకం చేస్తాయి. అయితే మాత్రలు మానొద్దు. నీళ్లు, ఆకుకూరలు పెంచండి. ఇబ్బంది ఉంటే ఏఎన్ఎంకు చెప్పండి.

అవి కాక, చాలాసేపు దొడ్డికి కూర్చోవడం, బాగా బరువులు మోయడం, ఏండ్ల తరబడి దగ్గు ఉండడం కూడా కారణాలే.

నాలుగు మెట్లు

డాక్టర్లు లోపలి మొలలను నాలుగు మెట్లుగా చెబుతారు. మీరూ గుర్తు పెట్టుకోండి.

మొదటి మెట్టు. రక్తం పడుతుంది. మొల బయటికి రాదు.

రెండో మెట్టు. ముక్కినప్పుడు మొల బయటికి వస్తుంది. లేచినాక దానంతట అదే లోపలికి పోతుంది.

మూడో మెట్టు. బయటికి వచ్చిన మొల దానంతట అది పోదు. వేలితో లోపలికి తోయాలి.

నాలుగో మెట్టు. తోసినా పోదు. ఎప్పుడూ బయటే ఉంటుంది.

మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లలో చాలామందికి తిండి, నీళ్లు, మందులతోనే తగ్గుతుంది. రెండో మెట్టుకు, కొన్నిసార్లు మూడో మెట్టుకు కూడా కోత లేని చికిత్స సరిపోతుంది. నాలుగో మెట్టు ఎక్కినాక ఎక్కువమందికి ఆపరేషన్ కావాలి. మనం ఏ మెట్టు మీద ఉన్నప్పుడు నోరు తెరుస్తామో, చికిత్స దాన్ని బట్టే ఉంటుంది.

రక్తం పడితే అన్నీ మొలలు కావు

ఈ మాట జాగ్రత్తగా వినండి. దొడ్డిలో రక్తం పడితే అది మొలలే అని మనంతట మనం అనుకోకూడదు.

మొలల రక్తం ఎర్రగా, తాజాగా ఉంటుంది. మలం మీద చారలాగా గాని, చివర బొట్లు బొట్లుగా గాని పడుతుంది. నొప్పి ఉండదు.

దొడ్డికి పోయేటప్పుడు గాజుపెంకుతో కోసినట్లు నొప్పి ఉంటే అది చీలిక కావచ్చు. దాన్ని ఫిషర్ అంటారు. దాని చికిత్స వేరు.

మలద్వారం పక్కన గడ్డ లేచి, పగిలి, చీము కారుతూ ఉంటే అది ఫిస్టులా కావచ్చు. మనోళ్లు భగందరం అంటారు. దాని చికిత్స కూడా వేరు.

రక్తం మలంలో కలిసి వస్తుంటే, జిగట పడుతుంటే, కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు అవుతుంటే, ఊరికే బరువు తగ్గుతుంటే ఆలస్యం చేయొద్దు. అది పేగు క్యాన్సర్ కావచ్చు. మా వార్డుకు ఒక పెద్దమ్మ వచ్చింది. రెండేండ్లు మొలలని నాటు మందు తిన్నది. మేము చూసేసరికి అది క్యాన్సర్. ముందే వచ్చింటే బతికేదేమో. ఆ పెద్దమ్మ ముఖం నాకు ఇప్పటికీ కండ్ల ముందే ఉంది.

మలం తారు మాదిరి నల్లగా, జిగటగా వస్తే కడుపులో పై భాగంలో రక్తం పోతున్నట్లు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఐరన్ మాత్రలు మింగేవాళ్లకు కూడా మలం నల్లగా వస్తుంది. దానికి భయపడొద్దు. మాత్రలు మింగుతున్న సంగతి డాక్టరుకు చెబితే చాలు.

ఇంకొక సంగతి. మన రాష్ట్రంలో 2019 నుంచి 2021 దాకా ఇంటింటి సర్వే చేసినారు. ఆడవాళ్లలో సగం మంది కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉందని తేలింది. ముందే రక్తం తక్కువ. అందులో రోజూ కొంచెం కొంచెం పోతే ఒళ్లు ఏమవుతుంది? ఎండలో నిలబడలేము. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. అది సోమరితనం కాదు. అది జబ్బు.

ఇంట్లో చేసుకునేది

నీళ్లు బాగా తాగండి. చేనికి పోయేటప్పుడు మీ సొంతానికి ఒక సీసా పట్టుకొని పోండి.

వారంలో కొన్ని రోజులన్నా కొర్రన్నమో, జొన్నరొట్టో, సంగటో తినండి. పప్పులోకి ఆకుకూర వేయండి. అలసందలు, ఉలవలు వండండి. జామకాయ, అరటిపండు తినండి. పులివెందుల అరటిగెలలు లారీలెక్కి వేరే రాష్ట్రాలకు పోతాయి. తోటలో కూలికి పోయే అక్క ఇంట్లో మాత్రం ఒక్క పండు ఉండదు. ఉన్నా మొగునికి, పిల్లోళ్లకు పెడుతుంది. మీరూ ఒకటి తినండమ్మా.

దొడ్డికి వస్తే ఆపుకోవద్దు. రాకపోతే కూర్చొని ముక్కొద్దు. అయిదు నిమిషాలు చూసి లేవండి. ఫోను చూసుకుంటూ కూర్చోవద్దని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.

మలం గట్టిగా ఉంటే ఇసబ్‌గోలు పొట్టు మంచిది. అది తాగినాక నీళ్లు ఎక్కువగా తాగాలి. రోజూ గట్టి విరేచనాల మందు వేసుకోవద్దు.

నొప్పి, వాపు ఉంటే వెడల్పు బేసిన్లో గోరువెచ్చని నీళ్లు పోసుకొని పది పదిహేను నిమిషాలు కూర్చోండి. రోజుకు రెండు మూడు సార్లు చేయండి. నీళ్లు చెయ్యి పెట్టగలిగేంత వేడి ఉంటే చాలు. కాల్చుకోవద్దు.

ఇక్కడ ఒక అక్క లేచి అడిగింది.

"నర్సమ్మా, మనం కారం ఎక్కువ తింటాం కదా. అందుకే మొలలు వస్తాయంట. నిజమేనా?"

మంచి ప్రశ్న అడిగినావమ్మా. కారం వల్ల మొలలు పుట్టవు. పుండో, చీలికో ఉంటే మంట ఎక్కువవుతుంది. అప్పుడు నోరు కట్టుకుంటే చాలు. "వేడి" అని గుడ్డు మాని, కోడికూర మాని, ఒళ్లు ఎండబెట్టుకోవద్దు. రక్తం పోయిన ఒంటికి మంచి తిండి కావాలి.

కోత లేని చికిత్స

ఇంటి జాగ్రత్తలతో తగ్గకపోతే ఏమి చేస్తారు? ఆపరేషన్ అనగానే మనకు భయం. "కోసేస్తారంట, నెల రోజులు కూర్చోలేరంట" అంటారు. అందుకే దాచుకుంటారు. అన్ని మొలలకూ కోత అవసరం లేదు.

అన్నిటికంటే ఎక్కువగా చేసేది రబ్బరు బ్యాండు చికిత్స. మీరంతా పసిబిడ్డలను పెంచినవాళ్లు. బిడ్డ పుట్టినాక బొడ్డుతాడును ఏమి చేస్తారు? గట్టిగా కట్టి కోస్తారు. కట్టిన ముక్కకు రక్తం అందదు. కొన్నాళ్లకు అది ఎండి రాలిపోతుంది. బిడ్డకు నొప్పి తెలీదు. మొలకు కూడా అట్లాగే చేస్తారు. చిన్న గొట్టం లాంటి పరికరం లోపలికి పెట్టి మొలను చూస్తారు. దాని మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. మొలకు రక్తం ఆగిపోతుంది. వారం, పది రోజుల్లో అది ఎండి రాలిపోతుంది. దొడ్డితో పాటు పోతుంది. చాలామందికి అది ఎప్పుడు పోయిందో కూడా తెలీదు.

బ్యాండు వేసేది నొప్పి తెలీని చోట. అందుకే మత్తు అవసరం లేదు. కొన్ని నిమిషాల పని. కాసేపు కూర్చొని అదే రోజు బస్సెక్కి ఇంటికి పోవచ్చు. ఒకటి రెండు రోజులు కింద బరువుగా, దొడ్డికి వచ్చినట్లుగా ఉంటుంది. కొందరికి కొంచెం నొప్పి కూడా ఉంటుంది. రాలేటప్పుడు కొంచెం రక్తం పడవచ్చు. మొలలు రెండు మూడు ఉంటే కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు.

ఇది నిన్న మొన్న వచ్చిన పద్ధతి కాదు. అమెరికాలో బారన్ అనే డాక్టరు 1963లో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినాడు. అరవై ఏండ్లు దాటినా లోకమంతా చేస్తున్నారు.

బ్యాండు వేసుకున్నాక మూడు గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఒకటి, జ్వరం. రెండు, ఒంటికి రాకపోవడం. మూడు, నొప్పి రోజురోజుకూ పెరగడం. రక్తం బాగా పడినా ఆగొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

రెండోది సూది మందు. చిన్న మొలల మొదట్లో మందు ఎక్కిస్తారు. మొల ముడుచుకొని పోతుంది.

మూడోది రక్తనాళాన్ని కట్టేయడం. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే యంత్రం చూసినారు కదా. అట్లాంటి యంత్రంతోనే మొలకు రక్తం తెచ్చే నాళం చప్పుడు విని, దాన్ని దారంతో కట్టేస్తారు.

నాలుగోది లేజర్. సన్నని తీగ గుండా వెలుగు పంపుతారు. ఆ వేడికి మొల లోపల నుంచి ముడుచుకుంటుంది.

అయిదోది స్టేప్లర్. ఇటలీలో లాంగో అనే డాక్టరు 1998లో దీన్ని లోకానికి తెలిపినాడు. లోపల వదులైన పొరను ఉంగరం మాదిరి కత్తిరించి, అక్కడే సన్నని పిన్నులు వేస్తారు. జారిన మొలలు పైకి పోతాయి. ఈ చివరి మూడు పద్ధతులకు మత్తు ఇస్తారు.

కొత్తది, ఖరీదైనది అయితే మంచిదే అనుకోవద్దు. 2016లో బ్రిటన్ డాక్టర్లు ఏడు వందల మందికి పైగా రోగులను గమనించి చెప్పినారు. స్టేప్లర్ వాళ్లకు మొదట్లో నొప్పి తక్కువ. కానీ పాత కోత ఆపరేషన్ అయిన వాళ్లకు మొలలు తిరిగి రావడం తక్కువ. మరీ పెద్ద మొలలకు ఆ పాత ఆపరేషనే ఇప్పటికీ గట్టిది. నొప్పి రెండు మూడు వారాలు ఉంటుంది. దానికీ మందులు ఉన్నాయి.

అయితే ఎవరికి ఏది? అది మొల మెట్టును బట్టి డాక్టరు చెప్పాలి. గోడ మీది బోర్డు చెప్పకూడదు.

బోర్డు చదవండి

టౌన్లో బస్సు దిగితే గోడల మీద ఏమి రాసి ఉంటుంది? "మొలలు, భగందరం. ఆపరేషన్ లేకుండా గ్యారంటీ చికిత్స" అని ఉంటుంది. ఇంతకుముందు మీకు అక్షరాలు రావు. ఎవరో తీసుకొని పోతే పోయేవాళ్లు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. నిలబడి బోర్డు పూర్తిగా చదవండి. డాక్టరు పేరు ఉందా? పేరు పక్కన ఏమి చదివినాడో రాసి ఉందా? రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? అవేమీ లేకుండా ఉత్త గ్యారంటీ ఒక్కటే ఉంటే లోపలికి పోవద్దు.

చదువు లేని చేతులు ఏమి సూది వేస్తాయో, ఏమి కాల్చే మందు పూస్తాయో తెలీదు. మా దగ్గరికి ఒక చెల్లెలు వచ్చింది. ఎవరో మొలకు మందు పూసినాడంట. మొలతో పాటు చుట్టూ చర్మం కాలింది. పుండు మానేసరికి మలద్వారం సన్నబడింది. ముందు రక్తం పడేది. తర్వాత దొడ్డికి రావడమే కష్టమయింది. దాన్ని సరి చేయడానికి పెద్ద ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

ఆయుర్వేదం తప్పు అని నేను చెప్పడం లేదు. పూర్వం సుశ్రుతుడు మొలలకు నాలుగు దారులు చెప్పినాడు. మందు, క్షారం, కాల్చడం, కోత. ఆయన కూడా మందును ముందు చెప్పి, కోతను చివర పెట్టినాడు. భగందరానికి క్షారసూత్రం అనే చికిత్స ఉంది. ఉత్తరేణి క్షారం, పసుపు పట్టించిన దారంతో చేస్తారు. ఆయుర్వేద కాలేజీలో చదివిన డాక్టర్లు దాన్ని బాగా చేస్తారు. ఏ వైద్యమైనా చదివినవాళ్ల దగ్గరే చేయించుకోండి.

అక్కలు అడిగిన ప్రశ్నలు

"నర్సమ్మా, మగ డాక్టరు ఉంటే ఎట్ల చూపిచ్చుకునేది?"

లేడీ డాక్టరు ఉందా అని అడుగు. లేకపోతే, నర్సు పక్కన ఉండాలని అడుగు. అట్లా అడగడం మీ హక్కు. మీ అక్కనో, కోడలినో వెంట తీసుకొని పోండి. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకొని పడుకోమంటారు. పైన దుప్పటి కప్పుతారు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. కానుపు గదిలో పడిన కష్టం ముందు ఇదెంత?

"కానుపయినాక నాకు మొలలు వచ్చినాయి. ఇప్పుడే బ్యాండు వేయించుకోవాల్నా?"

తొందర లేదు చెల్లెమ్మా. కానుపు మొలలు చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతాయి. నీళ్లు, పీచు తిండి, గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం చాలు. బాలింతకు పత్యం పేరుతో నీళ్లు తగ్గించొద్దు. ఆకుకూర మానిపించొద్దు. అత్తలారా, ఈ మాట మీరు వినాలి. తగ్గకపోతే, రక్తం ఎక్కువ పోతుంటే అప్పుడు డాక్టరుకు చూపించండి.

"ఒకసారి పోతే మళ్లీ వస్తాయా?"

రావచ్చు. చికిత్స మొలను తీసేస్తుంది. మలబద్ధకాన్ని తీసేయదు. అది మన కంచంలో, మన చెంబులో ఉంది.

"దుడ్డు ఎంత అవుతుంది? మా దగ్గర యాడుంది?"

ముందు ఆశ కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పు. వాళ్లు మన ఊరి ఆడబిడ్డలే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించు. వాళ్లు చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపుతారు. కడపలో, కర్నూలులో ప్రభుత్వ పెద్దాసుపత్రులు ఉన్నాయి. అక్కడ సర్జరీ డాక్టర్లు ఉంటారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. 2024 నుంచి మన రాష్ట్రంలో దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. ఆ పథకం ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. కార్డు చూపించి అడుగు. "నాకు చెప్పిన చికిత్స పథకంలో వస్తుందా? ఏ ఆసుపత్రిలో చేస్తారు?" అని అడుగు. ప్రైవేటుకు పోతే ముందే అడుగు. "నాకు మొలలు ఏ మెట్టులో ఉన్నాయి? బ్యాండుతో పోతాయా? లేజరే ఎందుకు? మొత్తం ఎంత అవుతుంది?" ఈ నాలుగు ప్రశ్నలూ నోటుపుస్తకంలో రాసుకొని పోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

చివరి మాట

నేను మొదట ఒక అక్క కథ చెప్పినాను. ఆ అక్క కొన్నాళ్లకు మళ్లీ ఆసుపత్రికి వచ్చింది. ముఖంలో రక్తం కళ వచ్చింది. వెంట ఇంకొక ఆమె ఉంది. "మా ఆడబిడ్డ అక్కా, ఈమెకూ రక్తం పడతాందంట. నాకు చెప్పింది. నేనే పిల్చుకొని వచ్చినా" అనింది. ఆడబిడ్డవి మొదటి మెట్టులో ఉన్నాయి. డాక్టరమ్మ మందు రాసి, తిండి గురించి చెప్పి పంపించింది. బ్యాండు కూడా అవసరం పడలేదు.

చూసినారా? ఒక ఆమె నోరు విప్పితే ఇంకొక ఆమె బాగుపడింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మన మాదిరే చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా మీద నోరు విప్పినారు. ఆ మాట రాష్ట్రమంతా పాకింది. మనం అంత పెద్ద పని చేయకపోయినా పర్వాలేదు. ఈ రాత్రి ఇంటికి పోయినాక మీ అమ్మను, అత్తను, కోడలిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క మాట అడగండి. "నీకు దొడ్డికి పోయినప్పుడు రక్తం పడతాందా?" అని అడగండి. సిగ్గుపడితే జబ్బు పోదు.

ఇంకా ఏమైనా అడగాలనుకున్న అక్కలు, అందరిలో అడగలేకపోతే, నేను బయట వేపచెట్టు కింద కూర్చోనుంటాను. ఒక్కొక్కరే రండి.